పిల్లల ఫోన్‌కి కాపలా యాప్ కడుతున్న గుంటూరు కుర్రాడికి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి ఇంటికి వచ్చేశాను. పిల్లల ఫోన్లో వచ్చే వాట్సాప్, ఇన్‌స్టా మెసేజీలు అమ్మానాన్నల ఫోన్లో కనిపించే యాప్ తయారు చేస్తున్నాను. పిల్లలకి తెలియకుండా వెనకాల నడుస్తుంది. బూతులు, బెదిరింపులు వస్తే ఏఐ పట్టుకుని అలర్ట్ ఇస్తుంది. విజయవాడలో రెండు స్కూళ్లు ఆసక్తి చూపించాయి. చట్టపరంగా ఇబ్బందులుంటాయా? ఫండింగ్ దొరుకుతుందా? ఉద్యోగం వెతుక్కోవడం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చోవచ్చా?

సమాధానం:

ముందు మీ ప్రశ్నలోంచి ఒక్క ముక్క తీసేద్దాం. ‘పిల్లలకి తెలియకుండా’ అన్నారు చూడండి, అది. అది తీసేస్తే మిగిలేది మంచి ఆలోచన, దాని గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అది ఉన్నంతకాలం మాత్రం మీ యాప్ ప్లేస్టోర్‌లో నిలవదు, చట్టం ముందు నిలవదు, అన్నిటికంటే ముందు తొమ్మిదో తరగతి కుర్రాడి దగ్గర నిలవదు.

నా సంగతి రెండు మాటల్లో. హైదరాబాద్‌లో కంటెంట్ మోడరేషన్ టీముల్లో చాలా ఏళ్లు పనిచేశాను. జనం రిపోర్ట్ కొట్టిన పోస్టులు, మెసేజీలు చదివి ఉంచాలా తీసేయాలా తేల్చే పని. తెలుగులో వచ్చేవి నేను చూసేదాన్ని. ఇప్పుడు విజయవాడలో ఉంటూ స్కూళ్లలో టీచర్లకి, తల్లిదండ్రులకి ఈ విషయాలు చెబుతున్నాను. కోడ్ రాయడం నాకు రాదు. ఆ మెసేజీలు చదవడం వచ్చు.

కుర్రాడి సంగతితోనే మొదలుపెడదాం. ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో ఆన్ చేస్తే మనం వేసిన యాప్‌లేవీ నడవవు. షావోమీ ఫోన్లో సెకండ్ స్పేస్ అని రెండో ఇల్లే ఉంటుంది. ఆండ్రాయిడ్ 15 నుంచి ప్రైవేట్ స్పేస్ అని యాప్‌లు దాచుకునే చోటు వచ్చింది. ఇవేవీ వాడికి తెలియకపోయినా వాడి బెంచీలో ఒకడికి తెలుసు. పైగా షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లని వాటంతట అవే ఆపేస్తాయి. ఆటోస్టార్ట్ ఆన్ చేయండమ్మా, బ్యాటరీ సెట్టింగ్‌లోకి వెళ్లండమ్మా అని ప్రతి తల్లికీ ఫోన్లో చెప్పుకుంటూ కూర్చోవాలి మీరు. మన ఊళ్లలో ఎక్కువగా వాడేవి ఆ ఫోన్లే.

ఇవన్నీ ఎలాగో దాటారనుకుందాం. ఏదో ఒకరోజు యాప్ బయటపడుతుంది. అమ్మే కోపంలో ‘నువ్వు ఆ పిల్లకేం రాశావో నాకు తెలుసు’ అని నోరు జారుతుంది. ఆ రోజు నుంచి వాడి మాటలన్నీ పక్కింటి ఫ్రెండ్ ఫోన్లోకి వెళ్లిపోతాయి. మీ డ్యాష్‌బోర్డులో అంతా ప్రశాంతంగా ఉంటుంది, తల్లి నిశ్చింతగా ఉంటుంది, వాడు మాత్రం ఎవరికీ కనిపించకుండా పోతాడు.

పిల్లల్ని బ్లాక్‌మెయిల్ చేసేవాడి పెట్టుబడి ఏమిటో తెలుసా? వాడి దగ్గరున్న ఫోటో ఒక వంతే. మిగతాదంతా ‘ఇంట్లో తెలిస్తే చంపేస్తారు’ అని ఆ పిల్లకి గాని పిల్లవాడికి గాని ఉన్న భయం. నేను చదివిన బెదిరింపుల్లో ‘మీ నాన్నకి పంపుతా’ అన్న వాక్యం లేనిది అరుదు. ఇంట్లో ఇప్పటికే నిఘా పెట్టారని తెలిసిన పిల్ల ఆ రాత్రి నాన్న దగ్గరికి వెళుతుందా? వెళ్లదు. అడిగిన డబ్బు ఎక్కడినుంచైనా తెస్తుంది, లేదా ఇంకో ఫోటో పంపుతుంది. మీ యాప్ పిల్లల్ని కాపాడాలంటే ఆ భయం తగ్గాలి. రహస్యంగా నడిచే యాప్ దాన్ని పెంచుతుంది. నేను చెప్పాలనుకున్నది ఇంతే. కింద రాసేదంతా దీన్నుంచి వచ్చేదే.

ఇక ప్లేస్టోర్. గూగుల్‌కి స్టాకర్‌వేర్ మీద, అంటే మనిషికి తెలియకుండా వాళ్ల ఫోన్‌ని గమనించే యాప్‌ల మీద, స్పష్టమైన పాలసీ ఉంది. తల్లిదండ్రులు పిల్లల కోసం పెట్టే యాప్‌లకి అనుమతి ఉంది గాని, అది నిఘా యాప్ అని ముందే చెప్పాలి, నడుస్తున్నంతసేపూ ఫోన్లో నోటిఫికేషన్ కనిపిస్తూనే ఉండాలి, దాక్కోకూడదు, ‘రహస్యంగా గమనించండి’ అని ప్రచారం చేసుకోకూడదు. ఎస్సెమ్మెస్‌లు, కాల్ లాగ్ చదివే పర్మిషన్లకి వేరే ఆంక్షలున్నాయి. తెర మీద ఉన్నదంతా చదవనిచ్చే యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఎందుకు అడుగుతున్నారో విడిగా రాసివ్వాలి.

ప్లేస్టోర్ వద్దు, స్కూలు వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైల్ (స్టోర్ లేకుండా నేరుగా యాప్ వేసుకునే ఫైల్) పెట్టేద్దాం అని మీకు తట్టే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటినుంచి వేసిన యాప్‌లకి యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్ అంత తేలిగ్గా ఇవ్వనివ్వడం లేదు. దానికంటే పెద్ద కారణం ఇంకోటుంది. ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో ఏపీకేలు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. ‘వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే నొక్కొద్దు’ అని మేం తల్లులకి గొంతు పోయేలా చెబుతున్నాం. పిల్లల భద్రత పేరుతో మీరే అది నొక్కడం అలవాటు చేస్తే ఎలా?

చట్టం గురించి అడిగారు. నేను లాయర్ని కాదు, ఇది మీరు లాయర్ దగ్గరికి వెళ్లేముందు తెలుసుకోవాల్సినంత మాత్రమే. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధానమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే మీ యాప్ నాలుగు స్కూళ్లకి చేరేసరికి చట్టం కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. ఇంటర్ సెకండియర్ కుర్రాడు కూడా. పిల్లల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఇచ్చింది నిజంగా పెద్దవాళ్లేనని నిర్ధారించుకోవాలి. దానికి డిజిలాకర్ దారి ఒకటి చూపించారు. తొమ్మిదో సెక్షన్లో ఇంకో మాట ఉంది, మీకు తగిలేది అదే. పిల్లల్ని ట్రాక్ చేయడం, వాళ్ల ప్రవర్తనని గమనిస్తూ ఉండటం, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయడం కంపెనీలు చేయకూడదు. తల్లిదండ్రులు సరే అన్నా ఆ నిషేధం అలాగే ఉంటుంది. పిల్లలకి సంబంధించిన ఈ బాధ్యతలు నెరవేర్చకపోతే జరిమానా 200 కోట్ల దాకా వెళ్లొచ్చు.

మినహాయింపులు లేకపోలేదు. చదువు పనులకి, తమ విద్యార్థుల భద్రతకి విద్యాసంస్థలు చేసే పర్యవేక్షణకి కొంత వెసులుబాటు ఉంది. స్కూలు బస్సు ఎక్కడుందో చూడటానికీ ఉంది. అలాగే ఒక మనిషి సొంత, ఇంటి అవసరానికి వాడుకునే డేటాకి ఈ చట్టం వర్తించదు. మీరు జాగ్రత్తగా ఆలోచిస్తే ఇందులోనే మీ డిజైన్ దొరుకుతుంది. పని అంతా ఫోన్లోనే జరగాలి. మెసేజీ ఫోన్ దాటి మీ సర్వర్‌కి రాకూడదు. మీ దగ్గర లేని డేటా ఎవరూ దొంగిలించలేరు, దానికి మీరు సంజాయిషీ ఇవ్వాల్సిన పనీ ఉండదు. అలా కట్టినా ఏ మినహాయింపు కిందికి వస్తారో లాయర్ చేత రాతపూర్వకంగా తీసుకోండి. రూపాయి ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు అదే.

ఏఐ దగ్గరికి వద్దాం. ఇది నా పేట.

మన పిల్లలు తెలుగుని తెలుగు అక్షరాల్లో రాయరు. ‘పంపు’ అనే మాటని ఒకడు ఇంగ్లిష్ అక్షరాల్లో చివర యూ పెట్టి రాస్తాడు, ఇంకొకడు రెండు ఓలు పెడతాడు, మరొకడు అచ్చులన్నీ ఎగ్గొట్టి మూడు హల్లులతో సరిపెడతాడు. మధ్యలో ఇంగ్లిష్ మాట, చివర ఒక ఎమోజీ. బూతుల పట్టిక పెట్టుకుని వెతికితే సగం దొరకవు, దొరికిన వాటిలో సగం తప్పు. ‘చంపేస్తా నిన్ను’, ‘చచ్చాన్రా బాబూ’, ‘నీ యబ్బ’ ఇవి లేకుండా బెజవాడలో ఇద్దరు స్నేహితులు పది నిమిషాలు మాట్లాడుకోలేరు. ప్రతిదానికీ అమ్మ ఫోన్ గంట కొడితే వారం తిరక్కుండా ఆవిడ నోటిఫికేషన్లు ఆపేస్తుంది.

నిజమైన ప్రమాదం వచ్చే మెసేజీల్లో అసలు బూతే ఉండదు. తీయగా ఉంటాయి. పరిచయం చేసుకునేటప్పుడే ‘అన్నయ్య అనుకో’ అంటాడు. తర్వాత వరసగా ఇవి వస్తాయి: ‘పక్కన ఎవరైనా ఉన్నారా?’, ‘మన మాటలు ఇంట్లో చెప్పకు, వాళ్లకి అర్థం కాదు’, ‘ఇక్కడ వద్దు, టెలిగ్రామ్‌లోకి రా’, ‘ఒక్కటే, చూసి వెంటనే డిలీట్ చేస్తా’. విడివిడిగా చూస్తే ఏ ఒక్క వాక్యమూ తప్పు కాదు. ‘పక్కన ఎవరైనా ఉన్నారా’ అని మేనత్త కూడా అడుగుతుంది. ఎవరు, ఎన్నాళ్ల పరిచయం, ఎన్ని గంటలకి, ఏ వరసలో అన్నదే ప్రమాదాన్ని చెబుతుంది. మీ మోడల్ మాటల్ని పట్టుకుంటే చాలదు, ఆ వరసని పట్టుకోవాలి. ఇంగ్లిష్ డేటాతో నేర్చిన మోడల్‌కి తెలుగుని అనువదించి ఇస్తే ‘అన్నయ్య అనుకో’ దగ్గర దానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

పనికొచ్చే సరంజామా ఉంది. గూగుల్ వాళ్ల మ్యూరిల్ మోడల్ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన భారతీయ భాషల మీద కూడా శిక్షణ పొందింది, అందులో తెలుగు ఉంది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌బర్ట్ ఉంది. తెలుగు ఇంగ్లిష్ కలగలిపి రాసే ద్వేషపు, బూతు వ్యాఖ్యల్ని గుర్తించే పోటీ 2024లో ద్రవిడియన్‌లాంగ్‌టెక్ వర్క్‌షాప్‌లో జరిగింది, దాని డేటా చూడండి. అయితే అవి జనం బహిరంగంగా పెట్టిన కామెంట్లు. ఇద్దరి మధ్య గుట్టుగా సాగే సంభాషణ అలా ఉండదు. ఈ మోడళ్లు ఉన్నవి ఉన్నట్టుగా తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లో నడవవు, కుదించాలి. ఆ పని మీకు నాకంటే బాగా తెలుసు.

వాట్సాప్ మెసేజీలు 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నాయి. దారిలో ఎవరూ చదవలేరు, ఫోన్ తెర మీదో నోటిఫికేషన్‌లోనో మాత్రమే చదవగలరు. నోటిఫికేషన్‌లో వచ్చేది అవతలివాడి మాట మాత్రమే, మన పిల్లవాడు ఏం రాశాడో అందులో రాదు. మీ డెమోలో ఇది దాటేసి ఉంటారు, స్కూల్లో ఎవరూ అడిగి ఉండరు. రేపు అడుగుతారు.

ఇంకో మాట, ఇప్పటికే ఉచితంగా దొరికేదాన్ని మళ్లీ కట్టకండి. టైమ్ లిమిట్లు, యాప్ ఇన్‌స్టాల్‌కి అనుమతి గూగుల్ ఫ్యామిలీ లింక్ ఇస్తోంది. ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అన్న చోట క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఫ్యామిలీ అడ్రస్ పెట్టుకుంటే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు, నయాపైసా ఖర్చు లేదు. ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లు 2025 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చాయి, పుట్టిన సంవత్సరం నిజం చెబితే అకౌంట్ ప్రైవేట్‌లోనే మొదలవుతుంది. చిక్కల్లా ఆ ‘నిజం చెబితే’ దగ్గరే. ఇవన్నీ తెలుగులో ఒక తల్లికి అర్థమయ్యేలా, ఆవిడ ఫోన్ మోడల్‌కి సరిపోయేలా చూపించే యాప్ నాకు కనిపించలేదు. అది చిన్న పనిలా అనిపిస్తుంది గాని ఆరేడు తరగతుల పిల్లలకి సగం రక్షణ అక్కడే ఉంది.

మన దగ్గర ఫోన్ ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. ‘పిల్లల ఫోన్’ అన్నారు. చిన్న క్లాసుల్లో అది అమ్మ ఫోన్. ప్యాటర్న్ పిల్లకి తెలుసు, ఫోన్‌పే పిన్ కూడా తెలుసు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ గేమ్‌లో డైమండ్లు కొన్నాక గాని అమ్మకి తెలియదు. ఇంటర్‌కి వచ్చేసరికి సీను మారిపోతుంది. గూడవల్లి, నిడమానూరు, పోరంకి వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలకి ఫోనే ఉండదు. దసరాకీ సంక్రాంతికీ ఇంటికి వచ్చినప్పుడు ఉన్న నాలుగు రోజులూ ఫోన్ చేతిలోంచి దిగదు. ఎంసెట్, అదే ఇప్పుడు ఈఏపీసెట్, అయిపోగానే కొత్త ఫోన్ కొనిస్తారు. రెండేళ్లు ఏమీ లేకుండా ఉన్నవాడికి ఒక్కసారిగా అన్నీ. వేసవిలో వచ్చే కేసుల్లో ఈ వయసు మగపిల్లలు చాలామంది. అమ్మాయి పేరుతో రిక్వెస్ట్, వీడియో కాల్, రికార్డింగ్, ఆ తర్వాత డబ్బు. మీ యాప్ ఎనిమిదో తరగతి పాపని ఊహించుకుని కడుతున్నట్టున్నారు. పదిహేడేళ్ల కుర్రాడిని కూడా ఊహించుకోండి, వాడు నిఘా యాప్ వేసుకోడు.

మరి ఏం కట్టాలి? పిల్లలు తామే తెరిచేది కట్టండి. తెర మీద ‘నాకో ఇబ్బంది వచ్చింది’ అన్న ఒక బటన్. ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి, ఇద్దరూ కలిసి వేసుకునే యాప్. అమ్మకి మెసేజీలు కనిపించవు. మోడల్‌కి అనుమానం వస్తే ముందు పిల్లకే చెబుతుంది: ‘ఇతను ఇంట్లో చెప్పొద్దంటున్నాడు. ఇలా అనేవాళ్లతో జాగ్రత్త. ఎవరితోనైనా మాట్లాడతావా?’ ఎవరితో అన్నది పిల్ల ముందే ఎంచుకుని ఉంటుంది. అమ్మ కావచ్చు, బాబాయి కావచ్చు, స్కూల్లో ఒక టీచర్ కావచ్చు. నాన్నే కానక్కర్లేదు.

బటన్ నొక్కాక జరగాల్సింది మీ అసలు సరుకు. రాత్రి పదకొండు అయింది. తొమ్మిదో తరగతి కుర్రాడికి మెసేజ్ వచ్చింది, ‘అరగంటలో పదివేలు పంపు, లేకపోతే నీ ఫాలోవర్లందరికీ వీడియో’. మీ యాప్ వాడికి తెలుగులో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాలి. డబ్బు పంపకు, పంపితే మళ్లీ అడుగుతాడు. చాట్ తుడిచేయకు, అకౌంట్ డిలీట్ చేయకు, అదే సాక్ష్యం. వాడి ప్రొఫైల్ పేరు, లింకు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకో. తర్వాత బ్లాక్ చెయ్యి, ఆ యాప్‌లోనే రిపోర్ట్ కొట్టు. డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో పెట్టొచ్చు, పిల్లల అశ్లీల చిత్రాల గురించి అయితే పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు.

ఫోటో బయటికి పోతుందేమోనన్న భయానికి ఒక మందుంది. అమెరికాలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ 2023లో టేక్ ఇట్ డౌన్ అనే సేవ మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన ఫోటో గాని వీడియో గాని ఉంటే దాన్ని ఎవరికీ పంపకుండానే ఫోన్లోనే దాని వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తయారవుతుంది. ఆ సంఖ్య మాత్రమే అక్కడికి వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి, అందులో చేరిన కంపెనీలు ఆ సంఖ్యతో పోల్చి తమ దగ్గర కనిపిస్తే తీసేస్తాయి. ఎన్‌క్రిప్షన్ ఉన్న వాట్సాప్ చాట్లలో ఇది పనిచేయదు, ఆ మాట కూడా పిల్లలకి చెప్పాలి. మీ యాప్‌లోంచి నేరుగా అక్కడికి తీసుకెళ్లే దారి పెట్టి, ఏ పేజీలో ఏం నొక్కాలో తెలుగులో చూపించండి.

అమ్మానాన్నలకి వేరే తెర. ‘పోలీస్ స్టేషన్’ అనగానే వాళ్లు వెనక్కి తగ్గుతారు. పరువు, ఆడపిల్ల, పెళ్లి అంటారు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టంలో ఏముందో వాళ్లకి ఎవరూ చెప్పరు. పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లలు కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. పేరు, ఫోటో, స్కూలు వివరాలు బయటికి రానివ్వకూడదు. ఈ నాలుగు ముక్కలు తెర మీద కనిపిస్తే కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి వణకదు. నా క్లాసుల్లో తల్లిదండ్రులు రాసుకునేది ఎక్కువగా ఈ భాగమే.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టే మాట ఒకటి. ‘సాక్ష్యం అప్‌లోడ్ చేయండి’ అని మీ యాప్‌లో ఆప్షన్ పెట్టే ఆలోచన ఉంటే వెంటనే తీసేయండి. పదమూడేళ్ల పాప తన నగ్న చిత్రం ఉన్న చాట్‌ని స్క్రీన్‌షాట్ తీసి మీ సర్వర్‌కి పంపిందంటే, ఆ క్షణం నుంచి అది మీ దగ్గరుంది. మీ టెస్టింగ్ కుర్రాడు దాన్ని తెరిచి చూశాడు, ఇంకొకడు గ్రూపులో ‘ఇది చూడండి’ అని పెట్టాడు. ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద అలాంటి చిత్రాలు సేకరించడం, డౌన్‌లోడ్ చేయడం, పంచడం నేరం, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. దగ్గర పెట్టుకోవడం మీద పోక్సో 15వ సెక్షన్ ఉంది, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. ఉద్దేశం మంచిదే అని మీరు తర్వాత నిరూపించుకోవాలి, ఈలోగా ఆ పాప చిత్రం ఇంకో నాలుగు ఫోన్లలోకి వెళ్లి ఉంటుంది. బొమ్మ వద్దు. పేరు, లింకు, సమయం, నంబరు చాలు. బొమ్మ ఉన్న ఫోన్ పోలీసులే చూస్తారు.

స్కూళ్ల సంగతి. రెండు స్కూళ్లు ఆసక్తి చూపించాయన్నారు, సంతోషం. వాళ్లు దేనికి ఆసక్తి చూపించారో కనుక్కోండి. కొందరికి అడ్మిషన్ల బ్రోషర్లో ‘ఏఐ సేఫ్టీ ఉన్న క్యాంపస్’ అని వేసుకోవడమే కావాలి. కొందరికి, మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏ పిల్ల ఏ పిల్లవాడితో మాట్లాడుతోందో తెలియాలి. లవ్ ఎఫైర్లు పట్టుకోవడానికి మీ యాప్‌ని వాడుకుంటారు. డెమో ఇచ్చేటప్పుడు మొదటి ప్రశ్నే ‘మేడమ్‌కి లాగిన్ ఇస్తారా?’ అయితే ఆ స్కూలు వదిలేయండి.

ప్రిన్సిపాల్‌కి మీరు గట్టిగా చెప్పాల్సింది ఇంకోటుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా, తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిన సంస్థ నిర్వాహకులకి ఏడాది దాకా శిక్ష. ‘మనలో మనం సర్దుకుందాం, స్కూలు పేరు పాడవుతుంది’ అనే అలవాటుకి ఇది నేరుగా అడ్డం పడుతుంది. మీకూ వర్తిస్తుంది. యాప్ ద్వారా మీకు తెలిసిందంటే తెలిసినట్టే. అందుకని స్కూలుతో రాసుకునే ఒప్పందంలో ఎవరికి తెలిస్తే ఎవరు, ఎన్ని గంటల్లో, ఎవరికి చెప్పాలో పేర్లతో రాయించుకోండి. ఇది రాయడానికి ఒప్పుకునే స్కూలు నిజంగా ఆసక్తి ఉన్న స్కూలు. మాట్లాడుకోవడానికి మార్చి, ఏప్రిల్ నెలలు సరైనవి. జూన్‌లో బడులు తెరిచాక ఫీజులు, యూనిఫాంల హడావుడిలో మీ ఫోన్ ఎవరూ ఎత్తరు.

మీ ముందు నడిచినవాళ్లు ఉన్నారు. అమెరికాలో పెరిగిన మన దేశపు మూలాలున్న త్రిషా ప్రభు పదమూడేళ్లకే రీథింక్ అనే ఆలోచన మొదలుపెట్టింది. ఎవరినైనా నొప్పించే మెసేజ్ టైప్ చేస్తుంటే పంపేముందు ‘నిజంగా పంపాలనుకుంటున్నావా?’ అని అడిగే యాప్ అది. ఎవరికీ చాడీ చెప్పదు, అంతే. గీతాంజలి రావు అనే అమ్మాయి చేసిన కైండ్లీ యాప్ కూడా అదే తరహా, 2020లో టైమ్ పత్రిక ఆమెని మొదటి కిడ్ ఆఫ్ ద ఇయర్‌గా ఎంచుకుంది. ఇద్దరూ తమ ఈడు పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని కట్టారు, తల్లిదండ్రుల్ని కాదు. మీరు కూడా తెర డిజైన్ చేసేముందు బృందావన్ గార్డెన్స్‌లో ఏదో ట్యూషన్ సెంటర్‌కి వెళ్లి పిల్లలతో ఓ గంట కూర్చోండి, పెద్దవాళ్ల అనుమతితోనే.

ఫండింగ్ గురించి పొడిపొడిగా చెప్తాను. కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపుకి ఫీజు లేదు, ముందు అది తీసుకోండి. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే సంస్థ) ద్వారా ప్రోటోటైప్ దశలో 20 లక్షల దాకా గ్రాంట్ ఇచ్చేవారు, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి. మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టులో మొదలైంది, మీకు బస్సెక్కితే అరగంట. ప్రైవేటు పెట్టుబడిదారుల దగ్గరికి వెళితే ‘రోజుకి ఎన్నిసార్లు యాప్ తెరుస్తున్నారు?’ అని అడుగుతారు. మీ యాప్ బాగా పనిచేస్తే పిల్లలు దాన్ని ఏడాదికి ఒకసారి కూడా తెరవకపోవచ్చు. ఈ మాట అర్థం చేసుకోని పెట్టుబడి మీకు వద్దు, వాళ్లే రేపు ప్రకటనలు పెట్టమంటారు, చట్టం పిల్లలకి గురిపెట్టిన ప్రకటనలు కుదరవంటోంది. డబ్బు తల్లుల దగ్గర నెలనెలా వసూలు చేయడం కష్టం, స్కూలు ఏడాదికోసారి ఇచ్చే చిన్న మొత్తం మేలు.

ఉద్యోగం మానేయాలా అంటే, నా ఉద్దేశంలో ఇప్పుడే వద్దు. నిఘా యాప్‌కి కోడ్ ఎక్కువ, మనుషులు తక్కువ కావాలి. బటన్ యాప్‌కి కోడ్ తక్కువే, కాని రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తేవాళ్లు కావాలి. అలాంటివాళ్లని తీసుకునేముందు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, ఒక్కరే పిల్లలతో మాట్లాడే వీలు లేకుండా పెట్టాలి, వాళ్లకి కౌన్సెలింగ్ శిక్షణ ఇప్పించాలి. పిల్లల దగ్గరికి చేరడానికి ఇలాంటి ఉద్యోగాలే వెతుక్కునేవాళ్లుంటారు, మర్చిపోవద్దు. మొదట్లో హెల్ప్‌లైన్ మీరే నడపాలనుకోకండి, 1098కీ 1930కీ సరిగ్గా చేర్చడమే పనిగా పెట్టుకోండి. ఒక స్కూలు, ఒక ఏడాది, జీతం వచ్చే పని చేసుకుంటూనే.

మీ ప్రైవసీ పాలసీ తెలుగులో, ఒక పేజీ దాటకుండా, ఏడో తరగతి పాప చదివితే అర్థమయ్యేలా రాసి కింద పెట్టండి. డ్యాష్‌బోర్డు ఫోటోలు వద్దు, అదొక్కటీ పెట్టండి. చదివి ఎక్కడ అర్థం కాలేదో చెప్తాను.